పేట్రియట్ గార్డ్ రైడర్స్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, యుద్ధమునందు అసువులు బాసిన సైనికుల అంత్యక్రియలకు అండగా నిలుచు మోటారుసైకిలు స్వచ్ఛంద సేవకుల సంస్థ. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధముల కాలమున, కాన్సస్ రాష్ట్రమందలి టొపీకా నగరపు వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చివారు, స్వలింగ సంపర్కమును సహించిన దేశమునకు దైవము విధించిన దండనయే సైనికుల మరణమని చాటుచు, అంత్యక్రియల చెంత నిందావాక్యముల పలకలు పట్టి నిలువసాగిరి. దానికి ప్రతిగా 2005లో కాన్సస్‌లోని అమెరికన్ లీజియన్ రైడర్స్ అను మోటారుసైకిలు బృందము చేపట్టిన పూనికనుండి ఈ సంస్థ పుట్టి దేశమంతట విస్తరించినది.

మృతుని కుటుంబము ఆహ్వానించిననే వీరు వత్తురు. తోలుచొక్కాలు తొడిగి, పెద్ద జాతీయపతాకములను చేబూని, సందులేని వరుసగా నిలిచి, ఆ పలకలు శోకార్తుల కంటబడకుండ తెరగట్టుదురు. దూషణలు మిన్నుముట్టినపుడు బండ్ల ఇంజనుల హోరుతో వానిని వినబడనీయరు. తాము మాత్రము మాటకు మాట బదులీయరు. సభ్యత్వమునకు సైనికానుభవముగాని, మోటారుసైకిలుగాని అక్కరలేదు.

జాతీయ శ్మశానవాటికల చెంత ఇట్టి నిరసనలను నియంత్రించు చట్టము 2006లో వెలసినను, మృతసైనికుని తండ్రి స్నైడర్ ఆ చర్చి నాయకుడు ఫెల్ప్స్‌పై వేసిన వ్యాజ్యమున 2011లో సుప్రీంకోర్టు, ఒక్క న్యాయమూర్తి విభేదింపగా తక్కిన 8 మంది ఏకీభావముతో, నిరసనకారుల వాక్స్వాతంత్ర్యమునే సమర్థించినది. చట్టము ఆపజాలని పరుషవాక్కును హింసకు పాల్పడక అడ్డుకొని, కన్నవారి కడుపుకోతకు దక్కవలసిన మర్యాదను కాపాడుటయే ఈ సంస్థ ఘనత.