నీళ్ల చెరువు, గాలి చెరువు

రుద్రవరంలో నిలబడి తూర్పుకి చూస్తే నల్లమల గోడ కట్టినట్టు కనిపిస్తుంది. ఆ కొండలకి ఆవల, కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువుంది. దాని శాసనం తలుచుకున్నప్పుడల్లా నాకు పెళ్లిసంబంధాలు చూసే మన పెద్దవాళ్లు గుర్తొస్తారు. మంచి చెరువుకి ఉండాల్సిన గుణాలు పన్నెండట, ఉండకూడని దోషాలు ఆరట!

బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనమది. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బళ్లు, రెండేళ్ల పని. ఇక గుణాలంటారా? ధర్మం తెలిసిన రాజుండాలి, నీటిశాస్త్రం చదివిన మనిషుండాలి, నేల గట్టిమట్టి కావాలి, మూడు యోజనాల దూరంనించి తీపినీళ్ల ఏరు రావాలి. రెండు కొండల నడుమ మరీ పొడుగుకాని రాతికట్ట ఒదగాలి. దోషాలు చూడండి: కట్ట చెమర్చడం, చవిటినేల, చెరువు మధ్య తాబేటి వీపులాంటి మిట్ట, నీళ్లకీ పొలానికీ పొత్తు కుదరకపోవడం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటమూ దోషమే. రెండిళ్ల నడుమ బావి ఉన్నవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా!

ఇంత జాబితాలో గాలి ఊసే లేదు. వరి పండించే వాళ్లకి గాలితో ఏం పని? కానీ పలకమీద నిలబడి, తెరచాప పట్టుకుని నీళ్లమీద సాగిపోయే విండ్ సర్ఫింగ్ వాళ్లు ముందు అడిగేది గాలినే. పలకకి చుక్కాని ఉండదు. చాపని ముందుకి వాలిస్తే ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలివైపు తిరుగుతుంది. కొండచాటు చెరువులో గాలి ఒకసారి చచ్చిపోయి, మరుక్షణం మీదపడుతుంది. అంటే భవదూరుడు మెచ్చిన కొండలే వీళ్లకి దోషం! మరో చిక్కు. మన సీమలో గట్టిగాలులు ఆషాఢంలో. చెరువులు నిండేది చాలావరకు ఆ తర్వాత వానలకి. గాలి ఉన్నప్పుడు నీళ్లుండవు. గట్టునించి లోపలికి వీచే గాలి కొత్తవాళ్లకి మరీ ప్రమాదం. నడిచెరువుకి తోసేస్తుంది, వెనక్కి రావడం గగనం.

ఈ ఆట వయసు తక్కువే. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ ఇలాంటి పలక చేశాడు. దాని చాప కుట్టింది ఆయన ఇల్లాలు నవోమి. ఆయన పేటెంటు తీసుకోలేదు. 1970లో అది కాలిఫోర్నియా వాళ్లు జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్‌లకి దక్కింది. కుట్టిన చేతులు మాత్రం ఎవరికి గుర్తు? ఒలింపిక్స్‌లో ఈ ఆట 1984లో చేరింది. ఆడవాళ్లకి విడిగా పోటీ పెట్టింది 1992లో!

మన వైపు తెరచాప పోటీలు చూడాలంటే హైదరాబాదు హుస్సేన్‌సాగరే. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌షా వలీ కట్టించిన చెరువది. నల్లమలలాంటి అడ్డుగోడ లేదు గనక జూలై రుతుపవనాల గాలి సూటిగా వస్తుంది. ఆ నెలలోనే అక్కడ చిన్న తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ఒకప్పుడు నగరం తాగిన నీళ్లవి. తర్వాత మురుగు కలిసి కంపుకొట్టాయి. పలకమీంచి పడకుండా ఈ ఆట ఎవరూ నేర్చుకోలేరు, పడ్డప్పుడల్లా నోట్లోకి పోయేది ఆ నీళ్లే. శాసనంలో ఈ దోషం రాయలేదేమని అడగొచ్చు. 1369లో అది ఎవరి ఊహకీ అంది ఉండదు.