ద్వారంలో నిలిచిన ప్రతినిధి

బాపట్ల నుండి రేపల్లెకు రైలులో పోదలచినవారు తెనాలి జంక్షనులో దిగి శాఖామార్గపు బండి ఎక్కుతారు. కంప్యూటర్ల లోకంలో ఇట్టి కూడలియే రివర్స్ ప్రాక్సీ.

ప్రాక్సీ అనగా ప్రతినిధి. 1994 నాటికి సెర్న్ పరిశోధనశాలలో తయారైన ప్రాక్సీ పాఠకుని పక్షాన నిలిచి బయటి పుటలను తెచ్చి ఇచ్చేది. దానిని తిప్పి సర్వరు పక్షాన నిలిపితే రివర్స్ ప్రాక్సీ. లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి కనబడేది ఇదొక్కటే. మరి ఒకే వాకిటికి వచ్చిన కోరికలలో ఏది ఎవరిదో తెలిసేదెట్లు? ప్రతి కోరికపైన గమ్యస్థానపు పేరు ఉండితీరవలెనని 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టిటిపి 1.1 నియమావళి విధించింది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చూడండి. పాఠకుల తాకిడి పెరిగినందున 2004లో వికీపీడియా సర్వర్ల ముందు స్క్విడ్ అనే ప్రాక్సీని నిలిపారు. అది ఒకసారి తయారైన పుటను దాచుకొని, తరువాత అడిగినవానికి తానే ఇస్తుంది. 2018 నుండి ఆసియా పాఠకులకై ఇట్టి ద్వారమొకటి సింగపూరులో పనిచేస్తున్నది. రేపల్లె విద్యార్థి కోరిన బాపట్ల పుట అక్కడ సిద్ధంగా ఉంటే, ఆ కోరిక అమెరికా దాకా పోనక్కరలేదు.

అయితే ఆ పుటలో ఒక తప్పు ఉన్నదనుకొందాం. తెనాలి ఉపాధ్యాయుడొకరు దానిని దిద్దారు. ప్రాక్సీ పాత ప్రతినే ఇస్తూపోతే రేపల్లె విద్యార్థి ఆ తప్పునే పరీక్షలో వ్రాస్తాడు! అందుచేత సవరణ జరిగినంతనే పాత ప్రతిని పారవేయమని ప్రాక్సీలకు కబురు పోతుంది. దాచుట తేలిక; ఎప్పుడు మరచిపోవలెనో తెలియుటే కష్టం.

2013లో డాకర్ రాగా, ప్రోగ్రామును దాని సరంజామాతో సహా ఒక కంటెయినరులో కట్టిపెట్టడం సులువైంది. ఇటీవల వికీపీడియా ప్రోగ్రాములు కూడ కంటెయినర్లలోకి మారాయి. కంటెయినరు ఆగి మళ్ళీ లేచినప్పుడు దాని చిరునామా మారవచ్చు. రష్యన్ ఇంజనీరు ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజినెక్స్‌లో, ఏ పేరుతో వచ్చిన కోరికను ఏ కంటెయినరుకు పంపాలో ఒక ఫైలులో వ్రాస్తాము. అది సామాన్యంగా మొదలయ్యేటప్పుడే చిరునామా కనుగొని గుర్తుంచుకుంటుంది. కంటెయినరు మారిన పిమ్మట ఫైలును తిరిగి చదివించకపోతే పాత చిరునామాకే పోయి, జవాబు దొరకక పాఠకునికి 502 అనే సంఖ్య చూపవచ్చు. ఇక్కడా చిక్కు పాత జ్ఞాపకమే. 2015లో వచ్చిన ట్రాఫిక్ అనే ప్రాక్సీ, కంటెయినర్ల రాకపోకలను డాకర్‌నే అడిగి తెలుసుకుంటూ, దారులను తానే మార్చుకుంటుంది.