కూడికలకి టైమరెందుకు?

మొన్న సెలవులకి తిరుపతి వెళ్ళాం. మావాడు ఒకటో తరగతి. ఫోన్లో కూడికల ఆట పెట్టిచ్చాను. ఎనిమిదీ ఏడూ కలిపేలోపే టైమరు అయిపోయి ఎర్ర గుర్తు పడింది. "నాకు లెక్కలు రావు నాన్నా" అని ఫోను పక్కన పెట్టేశాడు. ఆరేళ్ళకే!

అప్పుడు గుర్తొచ్చింది మా పాత చిత్తూరు జిల్లా కథే ఒకటి.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అంటే జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన పెద్ద బడే అందరికీ తెలుసు. దాని చుట్టుపక్కల పల్లె బడుల సంగతి తక్కువమందికి తెలుసు. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పనిలోకి దిగారు. కరువు సీమ. ఒకే గది, ఒకే అయివారు, అన్ని తరగతుల పిల్లలూ అందులోనే. శెనక్కాయలు పెరికే రోజుల్లో పిల్లలు బడికి రారు. తిరిగొచ్చేసరికి పాఠం ముందుకెళ్ళిపోయుంటుంది. కూడికలు రానివాడి ముందు తీసివేతలు! "వీడికి లెక్కలు రావు" అన్న ముద్ర పడేది అక్కడే.

వాళ్ళు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెనలాంటి పట్టిక. ఒక్కో మెట్టుకీ పరిచయానికి కొన్ని కార్డులు, సాధనకి కొన్ని, పరీక్షకి కొన్ని. బొమ్మగుర్తు చూసి పిల్లలే తమ కార్డు తీసుకుంటారు. ఎన్నాళ్ళకి తిరిగొచ్చినా ఆగిన మెట్టు దగ్గరే మొదలు. మన భాషలో, సెషన్ ఎక్స్‌పైర్ అవదన్నమాట! మెట్రిక్ మేళా అని పెట్టి, ఊరివాళ్ళని కూడా పిలిచి, తూకాలూ కొలతలూ బేరాలతో లెక్కలు ఆడించారు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె అయివార్లు వచ్చి చూసి వెళ్ళి 'నలి కలి' మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, 2007కల్లా తమిళనాడంతా పాకింది. కార్డులిస్తే సరిపోదు లెండి, అయివారు కూడా పిల్లల పక్కన కింద కూర్చోవాలి. కష్టమంతా అక్కడే.

మనం సరదా అంటే రంగులూ, పాయింట్లూ, చప్పుళ్ళూ అనుకుంటాం. ఆ పల్లె పిల్లలకి దక్కిన సరదా ఇంకోటి: తొందరపెట్టేవాళ్ళు లేకపోవడం.

సాయంత్రం అమ్మనడిగి గుప్పెడు చింతగింజలు తెచ్చి మావాడి పక్కన కూర్చున్నాను. ఎనిమిది ఒక కుప్ప, ఏడు ఒక కుప్ప. వాడు కాసేపు చూసి, ఏడులోంచి రెండు తీసి ఎనిమిదిలో కలిపాడు. "పది... ఐదు... పదిహేను!"

ఈ కిటుకు నేను నేర్పలేదు. ఎంతసేపు పట్టిందో చూడలేదు కూడా. మీ ఇంట్లో ఇంకా టైమరు పెడుతున్నారా?