పోలిక ఒకటే, పని వేరు

ఎటోబికోలో మన పిల్లలు కెనడా దేశాన్ని ‘మొజాయిక్’ అనడం వింటూ పెరుగుతారు. రంగురాళ్ళు కలిపిన మొజాయిక్ గచ్చు చూసినవారికి ఆ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. 1938లో గిబ్బన్ పుస్తకంతో అది ప్రచారమయింది. 1965లో జాన్ పోర్టర్ ఆ గచ్చును ‘నిలువు మొజాయిక్’గా నిలబెట్టి, పైవరుస ఎవరిదో, అడుగువరుస ఎవరిదో చూపాడు. మెచ్చుకోలు కాస్తా విమర్శ అయింది.

మన పూర్వుల వలసకు పెట్టిన పోలికకూ ఇటువంటి గతే పట్టింది. తోటలకు కూలీలను పంపడం ‘కొత్త తరహా బానిసత్వం’ కావచ్చునని 1840లో బ్రిటిష్ మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ జంకాడు. జంకు ఎన్నాళ్ళు? 1842లో మారిషస్ దారి మళ్ళీ తెరిచారు. మరుసటేడే ‘కోరింగా పాకెట్’ ఓడలో మన కోరంగి రేవు నుండి తెలుగువారు అక్కడికి చేరారు.

1912 మార్చిలో శాసనమండలిలో గోఖలే, పేరేదైనా ఈ పద్ధతి దాస్యపు సరిహద్దులోనే ఉన్నదని, దానిని రద్దు చేయాలని వాదించాడు. రస్సెల్ నోట సందేహంగా వచ్చిన పోలిక ఇక్కడ నేరారోపణ అయింది. తీర్మానం వీగిపోయింది గాని 1917లో ఈ వలస ఆగింది. 1974లో హ్యూ టింకర్ రస్సెల్ మాటనే తన చరిత్ర గ్రంథానికి పేరుగా పెట్టాడు.

ఈ పెద్దమనుషులెవరూ తోటలో చెరకు నరికినవారు కారు. నరికినవారు ఫిజీలో దానిని ‘గిర్మిట్’ అన్నారు. అది పోలిక కాదు; అగ్రిమెంటు అన్న ఇంగ్లీషు మాటే వారి నోట అలా నలిగింది.