జర: రాత ఒకటే, పుట్టుకలు రెండు
2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న హుస్నాబాద్ ప్రాంతంలో నిత్యం వినిపించే ‘జర ఆగు’ అనే మాటను కాగితం మీద చూసిన కొత్తవారు, ముసలితనమని అర్థమున్న సంస్కృతపు ‘జర’ను తలచుకొని, ముసలితనాన్ని ఆగమంటున్నారా అని నవ్వుకోవడం సహజమే. కాని ఈ జరకు మూలం రేణువు అనే అర్థమున్న ‘జర్రా’ అనే అరబ్బీ పదం. అది ఉర్దూలో ‘జరా’ అయి, ఉర్దూ రాజభాషగా సాగిన నిజాం పాలనలో తెలంగాణ పల్లెల నోట నిలిచినది. ‘కొంచెం’ అని చెప్పడంతో ఆగక, ‘జర చెప్పు’ అన్నప్పుడు ఆజ్ఞను వేడుకోలుగా మెత్తబరచడం ఈ చిన్న మాటలోని అసలు అందం. చెవికి ఈ రెండూ ఒకటి కావు: సంస్కృత జకారం తాలవ్యం, అంటే నాలుక అంగిలిని తాకగా పుట్టేది; పల్లె నోటి జర ‘జాబిల్లి’లో వలె దంత్యం, అంటే పళ్ల దగ్గర పలికేది. పాత నిఘంటువులు ‘ౙ’ గుర్తుతో చూపిన ఆ తేడాను నేటి రాత విడిచిపెట్టినది.