ఒక కాలమ్ – ఒక తల్లి ప్రాణం

నెలనెలా రిటర్నులు పంపించకుండా సర్వీసు పూర్తిచేసినవారు మనలో అరుదు. "ఈ కాలమ్‌లో ఏమి రాయాలి?" అని పై ఆఫీసును అడిగినవారూ ఉన్నారు. ఒకప్పుడు ప్రసూతి ఆసుపత్రులలో ఆ ప్రశ్న తల్లుల ప్రాణాలకు సంబంధించినది.

పందొమ్మిదవ శతాబ్దంలో సూతికా జ్వరం వేలాది బాలింతలను బలిగొన్నది. నమ్మదగిన లెక్కలు లేవని ఫ్లారెన్స్ నైటింగేల్ 1871లోనే తన పుస్తకంలో వాపోయారు. అసలు జ్వరం అంటే ఎంత? ఎన్నాళ్ళలోపు? రోగం ముదిరిన బాలింతను వేరే ఆసుపత్రికి పంపితే ఆ మరణం ఎవరి ఖాతాలోకి? ఎవరి పద్ధతి వారిదైతే, శ్రద్ధగా రాసిన ఆసుపత్రికే చెడ్డపేరు వస్తుంది. రాయని ఆసుపత్రి మంచిదనిపించుకుంటుంది.

అందుకే ఒకే కొలబద్ద కావలసివచ్చింది. 1893లో బెర్టిలాన్ తయారుచేసిన మరణ కారణాల పట్టికను 1900లో పారిస్‌లో పలు దేశాల ప్రతినిధులు కలిసి సవరించారు. ఇంగ్లండులో 1926 నిబంధనల ప్రకారం, కాన్పయిన 21 రోజులలోపు జ్వరం 100.4 డిగ్రీలు గాని అంతకు మించి గాని 24 గంటలపాటు నిలిచినా, ఆ వ్యవధిలో మళ్ళీ వచ్చినా డాక్టరు ఆరోగ్యాధికారికి తెలియజేయాలి. 1927 జూలై 1 నుండి మృతశిశు జననాల నమోదు కూడా తప్పనిసరి అయింది. 1936లో లండన్‌లో కోల్‌బ్రూక్ ప్రాంటోసిల్ మందుతో బాలింతలకు చికిత్స చేసినప్పుడు, మందు పనిచేసిందో లేదో తేల్చడానికి ఆధారం పాత రికార్డులే.

మన వైపు కథా ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు రాజధానిలోనివే. 1899 చట్టం ప్రకారం అక్కడ జనన మరణాల నమోదు సాగేది. చెన్నపట్నంలో ప్రసూతి మరణాల కారణాలను డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ పరిశోధించి, 1933లో నివేదిక ఇచ్చారు. కారణం తెలిస్తేనే గదా నివారణ!

ఇప్పుడు ప్రపంచమంతటా గర్భిణీగా ఉన్నప్పుడు గాని, గర్భం ముగిసిన 42 రోజులలోపు గాని, గర్భ సంబంధమైన కారణంతో మరణిస్తే మాతృమరణంగా లెక్కిస్తారు. లక్ష సజీవ జననాలకు ఎన్నని చూస్తారు.

అంకె పెరిగితే సంజాయిషీ అడుగుతారన్న భయం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే. ఆ భయాన్ని పక్కనపెట్టి ఉన్నది ఉన్నట్టు రాసిన నర్సులు, గుమాస్తాలు ఎందరో. వారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. అయినా వారు నింపిన కాలమ్‌లు ఎందరో తల్లులను ఇల్లు చేర్చాయి.