చెట్టులోని కర్బనము చెప్పు సాక్ష్యము



1876లో ధాత నామ సంవత్సరమున వచ్చిన కరవును గూర్చి నేను బాల్యమున మా పెద్దలవలన వింటిని. వారును తమ పెద్దలవలన విన్నవారే. ఆ కథలలో నెంత చేరినదో, ఎంత జారినదో తేల్చుట యెట్లు? వ్రాతకెక్కని యనావృష్టులకు చెట్లలోని కర్బనము కొంత సాక్ష్యమియ్యగలదు. దానిని మనుష్యుడు చదువ నేర్చిన విధమును నేడు విన్నవించెదను.

కర్బనమనగా బొగ్గునకు మూలద్రవ్యము. అందు కొంచెము బరువైన రకమును కలదని 1929లో అమెరికా శాస్త్రజ్ఞులు కింగు, బర్జి కనుగొనిరి. ప్రతి 10,000 పరమాణువులలో నది సుమారు 110 మాత్రమే. ఇట్టి రకములను ఐసోటోపులందురు. ఈ రెండును ఎన్నియుగములైనను చెడవు. 1939లో నీర్, గుల్‌బ్రాన్సెన్ అనువారు సూక్ష్మయంత్రముతో కొలువగా, బరువు రకము సున్నపురాతిలో హెచ్చుగను, మొక్కలలో తక్కువగను కనబడెను.

కారణము ఆకులో నున్నది. ఆకు సన్నని రంధ్రములగుండ బొగ్గుపులుసు గాలిని పీల్చి, అందు తేలిక రకమునే ముందుగా గైకొనును. నీరు చాలనపుడు తడి పోకుండ రంధ్రములను ముడుచుకొనును. లోనికి వచ్చు గాలి తగ్గగా, బరువు రకమును గూడ వాడుకొనక తప్పదు. కరవునాడు గింజ లేరుకొని తినువా రెవరు? కావున ఎండిన యేటి వలయమున బరువు రకము కొంచెము హెచ్చును. జొన్న, చెరకు వేరొక పద్ధతిని గాలిని గ్రహించును. వానిలో నది యెల్లప్పుడును చెట్లకంటె హెచ్చే.

1954లో హార్మన్ క్రెయిగ్ కాలిఫోర్నియాలోని సెక్వోయా మహావృక్షపు వలయములను పరీక్షించి ఫలితములను ప్రకటించెను. అయితే చదువు అంత సులభము కాదు. ఒక్క యడవిలోని చెట్లన్నియు నొక్క తీరున నుండవు. అడుగున ఆకులు కుళ్లగా వెలువడు గాలిలో తేలిక రకమే మెండు, వెలుతురును తక్కువ. అమెజాను అరణ్యమున క్రింది యాకులలో బరువు రకము పై యాకులలోకంటె తక్కువయని 1980లో మెడీనా, మించిన్ చూపిరి. నీడలో పుట్టిన మొక్క తల పైకెత్తిన కొలదిని, వాన తగ్గకున్నను, బరువు పాలు పెరుగును. దానిని కరవని చదివితిమా, లేని కరవును చరిత్రలోనికి దెచ్చినవార మగుదుము! వాగొడ్డు చెట్టు ఉన్న కరవునే యెరుగకపోవచ్చును. ఊరి తగవున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుదురా?

మరియొక చిక్కు మనుష్యుడు తెచ్చినది. నేలబొగ్గు పూర్వపు మొక్కల శేషము గనుక అందు తేలిక రకమే హెచ్చు. దాని పొగవలన గాలిలోని బరువు రకము 1850 ప్రాంతమునుండి నేటికి వేయింటికి సుమారు 2 పాళ్లు తగ్గినది. ఆ తరుగును లెక్కించి కాని ఇటీవలి వలయములను పాతవానితో పోల్చరాదు.

కాశ్మీరపు ఫర్ వృక్షములను పరిశీలించిన రమేశ్, భట్టాచార్య, గోపాలన్ గారలు వేర్వేరు చెట్ల ఐసోటోపుల మార్పులలో పొందిక గలదని 1985లో ప్రకటించిరి. మన యడవులలో పెక్కు చెట్లకు ఏటివలయములు స్పష్టముగా నుండవు. టేకునకు కలవు, నరికిన మొద్దు అడ్డుకోతను చూచినచో మీకే కనబడును.